పదకొండు బస్తాల కోర్టు

మిర్యాలగూడ ఎడమ కాలువ స్పోర్ట్స్ క్లబ్బు గ్రౌండులో మగవాళ్ల కబడ్డీ కోర్టుకు నాలుగు మూలలా నాలుగు రాళ్లు పాతి ఉంటాయి. నేలకు సమానంగా, ఆడేవాళ్ల కాలికి తగలకుండా దిగేసిన నాపరాళ్లు. ముప్పై ఎనిమిదేళ్ల కింద వాటిని పాతింది పర్వతాలు. పక్కనే ఉన్న ఆడపిల్లల కోర్టుకు మాత్రం మొన్నమొన్నటి దాకా రాళ్లు లేవు. ఏ రోజుకారోజు సున్నంతో గీసే గీతలే. ఆ గీతలు గీసేదీ పర్వతాలే.

ఆయనకు అరవై ఒకటి. సొంతూరు నిడమనూరు పక్కన. పద్దెనిమిదో ఏట మిర్యాలగూడ రైసుమిల్లులో హమాలీగా చేరాడు. నలభై ఏళ్లు బస్తాలు మోశాడు. ఎప్పుడూ ఎడమ భుజం మీదే వేసుకోవడంతో మెడ కుడివైపు కొద్దిగా ఒరిగి ఉంటుంది. కొత్తవాళ్లకు ఆయన ప్రతి మాటనూ అనుమానంగా వింటున్నట్టు కనిపిస్తుంది. ఇప్పుడు మోత మానేసి ముఠా మేస్త్రీగా ఉన్నాడు. పొద్దున మిల్లు, సాయంత్రం గ్రౌండు. గ్రౌండుకు తాళం వేసేది, నీళ్లు చల్లేది, గీతలు గీసేది, కబడ్డీ నేర్పేది ఆయనే. క్లబ్బు రికార్డులో ఆయన హోదా ఏమిటో ఎవరూ ఎన్నడూ రాయలేదు.

క్లబ్బు పుట్టింది పని లేకపోవడం వల్ల. 1986 వేసవిలో కాలువకు నీళ్లు బంద్ చేశారు. వడ్లు రావడం ఆగింది, మిల్లు బెల్టులు ఆగాయి. హమాలీలు కల్లం మీద కూర్చుని బీడీలు కాల్చీ కాల్చీ విసుగెత్తి కబడ్డీ మొదలుపెట్టారు. అది వడ్లు ఆరబోసే సిమెంటు కల్లం. వారం తిరిగేసరికి ఒక్కడి మోకాలికీ చర్మం మిగల్లేదు. చివరికి మిల్లు యజమానే జాలిపడి పక్కనున్న మొరం జాగా చూపించాడు. పదేళ్లకు దాన్ని క్లబ్బు పేరు మీద రాసిచ్చాడు కూడా.

కబడ్డీ వెనక మిగతావి ఒక్కొక్కటే వచ్చాయి. కాలువ ఆఫీసు క్వార్టర్ల ఉద్యోగులు వాలీబాల్ నెట్టు పట్టుకొచ్చారు. స్కూలు పంతుళ్లు ఖోఖో స్తంభాలు పాతించారు. తర్వాత బ్యాంకుల వాళ్లు, డాక్టర్లు షటిల్ బ్యాట్లతో దిగారు. వెయిట్‌లిఫ్టింగ్ మొదలైన రోజు నల్లగొండ నుంచి వచ్చిన కోచ్, హమాలీలను చూసి సంబరపడి, అందరికన్నా బలమైనవాణ్ని ముందుకు రమ్మన్నాడట. పర్వతాలు డెబ్బై ఐదు కిలోల బరువును ఒక్క ఊపున భుజం దాకా తెచ్చి, అక్కడ ఆపి చుట్టూ చూశాడు. ఇంకా పైకి, నెత్తి మీదికి ఎత్తాలని కోచ్ చెప్పాడు.

"నెత్తి మీదికెత్తి ఏం జేస్తరు సార్, లారీల ఎయ్యకుంట?" అన్నాడు పర్వతాలు. ఆ మాట క్లబ్బులో ఇప్పటికీ నడుస్తోంది. ఎవరైనా పనికిరాని కష్టం పడుతుంటే, లారీ ఏదని అడుగుతారు.

రాళ్లు పాతిన నాటికి వాళ్ల దగ్గర టేపు లేదు. మగవాళ్ల కబడ్డీ కోర్టు పదమూడు మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు అని ఎవరో చెప్పారు. చేతిలో ఉన్నవి గోనెసంచులు. కొత్త గోనె పొడవు మీటరు మీద బెత్తెడు పైచిలుకు. పర్వతాలు ఒక రోజంతా సంచులు పరిచి, ఎత్తి, మళ్లీ పరిచి లెక్క తేల్చాడు. పొడవు పన్నెండు బస్తాలకు మూరెడు తక్కువ, వెడల్పు తొమ్మిది బస్తాలు. రెండేళ్ల తర్వాత టోర్నమెంటు కోసం వచ్చిన వ్యాయామ ఉపాధ్యాయుడు స్టీలు టేపు పెట్టి కొలిస్తే తేడా రెండు వేళ్లు వచ్చింది. ఆ రోజు నుంచి క్లబ్బులో ఏ కోర్టు గీయాలన్నా పర్వతాలును పిలిచేవారు. వాలీబాల్ వాళ్లు తర్వాత కొనుక్కున్న టేపు బీరువాలోనే ఉండిపోయింది. పర్వతాలు గీసినంక టేపెందుకు అనేది అక్కడ మామూలు మాట. ఆయనకూ ఆ మాట వినడం ఇష్టమే.

క్లబ్బులో ఒక కఠినమైన రూలు ఉంది. మూడు టోర్నమెంట్లకు వెళ్లి ఒక్క మ్యాచ్ కూడా గెలవని విభాగం సాయంత్రం టైము వదులుకోవాలి. అంటే ఆ విభాగం మూతపడినట్టే. ఈ రూలు పెట్టించిందీ పర్వతాలే. 1998లో క్రికెట్ విభాగం అని ఒకటి ఉండేది. గ్రౌండు మొత్తం ఆక్రమించి, వాలీబాల్ ఆడేవాళ్ల వీపులు పగలగొట్టి, బయట ఎక్కడికి వెళ్లినా ఓడి వచ్చేది. రూలు దెబ్బకు అది మూతపడింది. ఆ రోజు పర్వతాలు కూత పెట్టి గెలిచినవాడిలా గ్రౌండు చుట్టూ తిరిగాడని పాతవాళ్లు చెబుతారు.

ఆడపిల్లల కబడ్డీ 2021లో మొదలైంది. త్రిపురారం పక్క తండా నుంచి బిచ్చా అనే హమాలీ పర్వతాలు ముఠాలో పనిచేసేవాడు. అతని కూతురు మౌనిక అప్పుడు పదమూడేళ్లది. నాన్నకు సద్ది తెచ్చి, తిరిగి వెళ్లకుండా ముఠా పిల్లలతో బస్తాల వరసల మధ్య తరుముడాట ఆడేది. అడుగున్నర సందులో పిల్లలందరూ కలిసి తరిమినా ఆమెను తాకలేకపోయేవారు. పర్వతాలు మూడు రోజులు చూశాడు. నాలుగో రోజు బిచ్చాతో మాట్లాడాడు. తర్వాత తండాకు వెళ్లి వాళ్ల నాయనమ్మ పుష్పాబాయి ముందు కూర్చున్నాడు. ఆమె తెలుగులో ఒక మాట, లంబాడీలో నాలుగు మాటలు అంటుంటే ఓపికగా విన్నాడు. పిల్ల చీకటి పడకముందే ఇల్లు చేరే పూచీ తనదని చెప్పి ఒప్పించాడు. అట్లా తొమ్మిది మంది అమ్మాయిలు పోగయ్యారు.

వాళ్ల కోసం పర్వతాలు మగవాళ్ల కోర్టు పక్కనే ఇంకో కోర్టు గీశాడు. ఆడవాళ్ల కోర్టు కొంచెం చిన్నది, పన్నెండు మీటర్ల పొడవు. దాని లెక్క ఆయన తలలో 1996 నుంచీ ఉంది. ఆ ఏడాది ఒక మహిళల మ్యాచ్‌కు తనే గీశాడు. పొడవు పదకొండు బస్తాలకు జానెడు తక్కువ. నడిమి గీత నుంచి బాక్ లైనుకు మూడు బస్తాలకు జానెడున్నర తక్కువ. మిల్లు నుంచి గోనెలు తెచ్చి, పరిచి, గీసేశాడు.

బాక్ లైను సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. కూతకు వెళ్లిన మనిషి అవతలి జట్టులో ఎవరినైనా తాకాలి, లేదంటే కనీసం ఆ గీత దాటి రావాలి. ఎవరినీ తాకకుండా, గీతా దాటకుండా తిరిగొస్తే ఔట్. కూతలో ఉన్నవాళ్లు గీతను చూడరు. ఏడుగురు మనుషుల చేతులు, కాళ్లు చూస్తారు. ఎన్ని అడుగులు వేస్తే గీత దాటుతుందో కాళ్లకు తెలిసి ఉండాలి.

మొదటి మూడేళ్లూ పిల్లలు నేర్చుకోవడానికే సరిపోయింది. నాలుగో ఏడు బయటికి తీసుకెళ్లాడు. నల్లగొండలో ఓడారు. మొదటిసారి కదా, బెదిరారని అనుకున్నాడు. హుజూర్‌నగర్‌లో ఓడారు. అవతలి వాళ్లు గట్టివాళ్లని సర్దిచెప్పుకున్నాడు. మూడోది కోదాడ.

అప్పటికే షటిల్ విభాగం పెద్దదైంది. ఆడపిల్లలు ఆడే జాగా, ఆ సాయంత్రం టైము తమకు ఇస్తే రెండు కోర్టులు వేసుకుంటామని కార్యదర్శి జితేందర్‌ను అడుగుతున్నారు. జితేందర్‌కు ట్రాక్టర్ సామాన్ల దుకాణం ఉంది. చెడ్డవాడు కాదు, తొందర మనిషి. కోదాడ బస్సెక్కే ముందు పర్వతాలుతో మర్యాదగానే అన్నాడు, ఇది మూడో టోర్నమెంటని గుర్తుంచుకోమని. పర్వతాలుకు గుర్తు చేయాల్సిన పని లేదు.

కోదాడలో రెండు మ్యాచ్‌లు ఆడారు, రెండూ పోయాయి. మౌనిక ఒక్కతే నాలుగుసార్లు బాక్ లైను దాటకుండా వెనక్కి తిరిగి ఔటైంది. అవతలి జట్టు అది కనిపెట్టింది. ఆమెను పట్టుకునే ప్రయత్నం కూడా మానేసి దూరంగా నిలబడి చూశారు. మూడోసారి ఔటైనప్పుడు గట్టున కూర్చున్న కుర్రాళ్లు, ఆ అమ్మాయికి గీత దాకా ఆటో మాట్లాడండ్రా అని నవ్వారు.

మ్యాచ్‌లు అయిపోయాయి. పిల్లలు షూలు తెచ్చుకున్న గోనెసంచి పర్వతాలు చేతిలో ఉంది. ఆయన గ్రౌండు ఖాళీ అయ్యేదాకా ఆగాడు. నడిమి గీత దగ్గర సంచి పరిచాడు. ఎత్తి, దాని కొస నుంచి మళ్లీ పరిచాడు. మూడోసారి పరిచాడు. మూడో బస్తా కొస బాక్ లైను దాటి జానెడున్నర అవతల పడాలి. అది గీతకే అందలేదు.

ఆయనకు ప్రాణం లేచొచ్చింది. తప్పు కోదాడ వాళ్లది. నేరుగా టోర్నమెంటు నడిపిస్తున్న పీఈటీ సత్యవతి దగ్గరికి వెళ్లి, మీ కోర్టు తప్పు, ఆడిన ఆటలు చెల్లవని చెప్పాడు. ఆమె కుర్చీలు లెక్క పెట్టించుకుంటోంది. సంచి వైపు, ఆయన వైపు చూసింది.

"గోనెసంచితో కొలిచారాండీ?"

"నలభై ఏండ్ల సంది గిట్లనే కొలుస్తున్న మేడం. టేపు పెట్టినోళ్లు గుడ తప్పు తియ్యలే."

"సరే పెద్దాయనా, ఈ కొస మీరే పట్టుకోండి. మళ్లీ నేను లాగానంటారు," అని ఆమె టేపు తెప్పించింది.

మూడు మీటర్లు. రూలు ప్రకారం ఉండాల్సిందీ అంతే, వేలు మందం కూడా తేడా లేదు. సత్యవతి అదే టేపును గోనెసంచి మీద పెట్టింది. తొంభై నాలుగు సెంటీమీటర్లు. పర్వతాలు ఇంకోసారి పెట్టమన్నాడు. ఆమె పెట్టింది.

అప్పుడు గుర్తొచ్చింది. పాత గోనెలు ఇవి కావు. ఆ 1996 మ్యాచ్ అయిన కొన్నేళ్లకు, పెద్ద బస్తాలు మోసి నడుములు పోతున్నాయని, బరువు తగ్గించాలని హమాలీలు పన్నెండు రోజులు సమ్మె చేశారు. ముందు నిలబడింది తనే. గెలిచారు. చిన్న బస్తా వచ్చింది. బరువు తగ్గిన సంగతి ఆయన భుజానికి వెంటనే తెలిసింది. పొడవు జానెడు తగ్గిన సంగతి తలకు తెలియలేదు. ఆయనకు బస్తా అంటే బస్తానే. నాలుగేళ్లుగా ఆ పిల్లలు పన్నెండు మీటర్ల కోర్టు అనుకుని పది మీటర్ల దాంట్లో ఆడుతున్నారు. బాక్ లైను నడిమి గీత వైపు మూరెడు ముందుకు వచ్చేసింది. ఇంటి దగ్గర సరిగ్గా దాటే అడుగు బయట ప్రతిచోటా మూరెడు తక్కువ పడుతోంది.

తిరుగు బస్సులో మౌనిక కిటికీ పక్కన కూర్చుంది. ఏడవలేదు. మిర్యాలగూడ దగ్గర పడుతుండగా మాత్రం తన కాళ్లలోనే ఏదో లోపం ఉందనీ, తన బదులు ఇంకెవరినైనా కూతకు పంపమనీ చెప్పింది. పర్వతాలు సంచిని మడిచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. లోపం బస్తాదని పిల్లలు దిగేటప్పుడు కూడా చెప్పలేకపోయాడు.

ఇంట్లో అంజమ్మ అన్నం పెడుతూ విషయం రాబట్టింది. మొదట నవ్వింది. టేపు అడుగుతే ఒళ్లేమన్న అరుగుతుండెనా అంది. ఆయన నవ్వకపోవడం చూసి ఆగింది.

జితేందర్‌కు చెబితే ఇన్నేళ్ల పేరు పోతుందని ఆయన అన్నాడు. ఎలాగూ మూడు టోర్నమెంట్లు అయిపోయాయి, రూలు రూలే, చెప్పినా విభాగం నిలుస్తుందన్న నమ్మకం లేదు కదా అని కూడా అన్నాడు.

"నిలుస్తదో పోతదో తర్వాత సంగతి," అంది అంజమ్మ. "నువ్వు చెప్పకుంటె ఆ పిల్ల బతికినన్నొద్దులు తన కాళ్లే తక్కువ పడ్డయనుకుంటది. నీ పేరు కోసం ఆ పిల్ల కాళ్లెందుకు విరగ్గొడ్తవయ్యా?"

ఆదివారం పొద్దున కమిటీ కూర్చుంది. పిల్లలను కూడా పిలిపించాడు పర్వతాలు. పాత గోనె ఒకటి మిల్లు అటక మీద దొరికింది. దాన్నీ, కొత్తదాన్నీ పక్కపక్కన నేల మీద పరిచాడు. వాలీబాల్ బీరువాలోంచి టేపు తీయించి జితేందర్ చేతికిచ్చి, ఆడపిల్లల కోర్టు అందరి ముందూ కొలిపించాడు. మౌనిక టేపు మీది అంకె దగ్గర గొంతుకూర్చుని చాలాసేపు చూసింది. ఆ అంకె అబద్ధమేమో అన్నట్టు వేలితో తుడిచింది కూడా.

జితేందర్‌కు కూడా బాధగానే ఉంది. కానీ షటిల్ వాళ్లు వెనకే నిలబడ్డారు.

"రూలు పెట్టింది నువ్వే గద పర్వతాలన్నా. మూడు అయిపాయె."

"నేను పెట్టిందే. తీసెయ్యమంటలేను," అన్నాడు పర్వతాలు. "కబడ్డీ ఆడి ఓడిన విభాగానికి ఆ రూలు. నేను వీళ్లకు ఇచ్చింది కబడ్డీ కోర్టే కాదాయె. కోర్టే లేని విభాగం మూడుసార్లు ఓడిందని ఎట్ల రాస్తవ్? ఓడింది నేను. నన్ను తీసెయ్యుండ్రి."

షటిల్ వాళ్లలో ఒక డాక్టరు ముందుగా నవ్వాడు. జితేందర్ తల గోక్కున్నాడు. చివరికి మధ్యేమార్గం తేలింది. పద్దెనిమిది రోజుల్లో సూర్యాపేటలో టోర్నమెంటు ఉంది. అందులో ఒక్క మ్యాచ్ గెలిస్తే విభాగం ఉంటుంది. లేదంటే జాగా షటిల్‌కు పోతుంది. ఎట్లా జరిగినా ఇకమీదట టేపు లేకుండా గీత గీయకూడదు. పర్వతాలు అన్నిటికీ తలూపాడు.

వాలీబాల్ వాళ్లకు మాత్రం ఆ మధ్యాహ్నం నిద్ర పట్టలేదు. చాటుగా టేపు తీసుకెళ్లి తమ కోర్టు కొలుచుకున్నారు. ఆరంగుళాలు ఎక్కువ వచ్చింది. ముప్పై ఏళ్లుగా కప్పులన్నీ దాని మీద ఆడే గెలిచామని, దాన్ని ఎవరూ ముట్టుకోవద్దని తీర్మానించుకున్నారు.

కోర్టు సరిచేయడానికి గంట చాలింది. కాళ్లను సరిచేయడం అంత సులువు కాలేదు. కొత్త గీత మీద కూడా మౌనిక పాత అడుగుకే వెనక్కి తిరిగేది. తల ఇంకొంచెం ముందుకు అంటోంది, కాలు చాలు అంటోంది. నాలుగు రోజులు చూసి పర్వతాలు మిల్లు నుంచి గోనెలు తెచ్చాడు. పిల్లలు వాటిని చూసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మళ్లీ కొలుస్తున్నవా తాతా అని మౌనిక అడిగింది. ఆయన వాటిని తడిపి, పిండి, బాక్ లైను అవతలి అంచున వరసగా పరిచాడు. కూతకు వెళ్లినవాళ్ల పాదానికి తడి గోనె తగలాలి. తగిలితేనే తిరగాలి. కళ్లు మనుషుల మీద, పాదం గోనె మీద. రోజుకు వంద కూతలు. పదో రోజు గోనెలు తీసేశాడు. మౌనిక అడుగు గోనె ఉండే చోటే పడింది. కానీ అది ఇంటి దగ్గర.

సూర్యాపేటలో మొదటి మ్యాచ్ ఐదు పాయింట్ల తేడాతో పోయింది. బాక్ లైను దగ్గర ఒక్కరూ ఔట్ కాలేదు. కాకపోతే అవతలి వాళ్లు మంచి జట్టు. జితేందర్ తన పని మానుకుని వచ్చి గట్టున నిలబడ్డాడు.

రెండో మ్యాచ్ తుంగతుర్తి అమ్మాయిలతో. చివరి కూత మిగిలేసరికి స్కోరు సమానం. ఆ కూత మౌనికది. తుంగతుర్తి వాళ్లు కోదాడలో ఆమెను చూసినవాళ్లే. ఆరుగురూ వెనక్కి జరిగి చేతులు వదిలేసి నిలబడ్డారు. తాకడానికి ఒక్కరూ అందేలా లేరు. ఆమె తనంతట తానే తక్కువ అడుగుకు తిరిగి ఔటవుతుందని వాళ్ల ధీమా.

మౌనిక కూత పెడుతూ వెళ్లింది. ఎడమ మూల వైపు ఒకసారి, కుడికి ఒకసారి ఒరిగింది. పాత అడుగు దగ్గరికి వచ్చింది. కాలు ఒక్క క్షణం ఆగడం పర్వతాలుకు కనిపించింది. తర్వాత కదిలింది. బాక్ లైను దాటింది. అక్కడా తిరగలేదు. ఇంకో మీటరు అవతల బోనస్ గీత ఉంది. అవతల ఆరుగురు ఉన్నప్పుడు దాన్ని దాటిన కాలికి ఒక పాయింటు. తుంగతుర్తి మూల అమ్మాయికి విషయం అర్థమై మీదికి దూకేసరికి మౌనిక కుడికాలు ఆ గీత అవతల నేలను తాకి, వెనక్కి వచ్చేసింది. నడిమి గీత దగ్గర పడిపోయింది, ఇవతలే పడింది. గీత దగ్గర కూర్చున్న జడ్జి చేయి పైకి లేపాడు.

ఒక్క పాయింటుతో గెలిచారు. ఆ టోర్నమెంటులో ఆ తర్వాతి మ్యాచ్ మళ్లీ ఓడారు. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. బస్సులో పిల్లలు, మన మౌనికక్క అంత దూరం పోయింది, తిరిగొచ్చేటప్పుడు ఆటో మాట్లాడాలని ఆటపట్టించుకుంటూ వచ్చారు. ఆమె ఈసారి కిటికీ పక్కన కాదు, అందరి నడుమ కూర్చుంది.

తెల్లారి జితేందర్ గ్రౌండుకు వచ్చేసరికి పర్వతాలు ఆడపిల్లల కోర్టు మూల గుంత తవ్వుతున్నాడు. పక్కన నాలుగు నాపరాళ్లు. టేపు ఒక కొస మౌనిక పట్టుకుంది, ఇంకో కొస ఇంకో అమ్మాయి పట్టుకుంది. మౌనిక అంకె పైకి చదివితే, ఆయన మళ్లీ చదవమంటున్నాడు. రెండోసారి కూడా అదే వస్తేనే గునపం ఎత్తుతున్నాడు.

జితేందర్ కాసేపు చూశాడు. సున్నం గీతలు సరిపోవా, రాళ్లెందుకని అడిగాడు. రేపు ఎప్పుడైనా ఈ జాగాలో షటిల్ కోర్టు వేద్దామంటే ఆ రాళ్లు అడ్డం వస్తాయని కూడా గుర్తుచేశాడు.

"అందుకే," అన్నాడు పర్వతాలు, రాయి గుంతలోకి దింపుతూ.